గురువారం క్లాసులో సిగ్గు

గ్రిమ్స్‌బీలో, లాండ్రీ షాపు పైగదిలో,
సాయంత్రం ఏడింటికి
మిసెస్ ఆడ్లింగ్ బోర్డు మీద మూడు మాటలు రాసింది.
కింద యంత్రాలు ఎవరి దుప్పట్లనో తిప్పుతున్నాయి,
నేల సన్నగా వణుకుతోంది.

ఎంబరాస్డ్ అంటే, అందామె,
నిండు బస్సులో మీ కడుపు గుర్రుమనడం.
అషేమ్డ్ అంటే
అదే బస్సులో ముసలామెకి సీటివ్వాల్సొస్తుందని
కళ్ళు మూసుకుని నిద్ర నటించడం.
మొదటిది ఇంటికెళ్ళేసరికి నవ్వయిపోతుంది.
రెండోది మీ వెనకే వస్తుంది,
చెప్పులు విప్పుకుని లోపలికి కూడా వస్తుంది.

దైవా చెయ్యెత్తింది,
చేపల వాసన పోవాలని నిమ్మచెక్కతో రుద్దుకున్న చెయ్యి.
మా లిథువేనియాలో ఇలా అనం.
"మాన్ గేదా" అంటాం. నాకు సిగ్గు.
నాకు చలి, నాకు నిద్ర అన్నట్టే.
వచ్చింది, కాసేపుంది, పోయింది.
మీ ఇంగ్లీషులో మనిషి మనిషంతా సిగ్గయిపోవాలా?

మన చెవికైతే గదిలోకి గేదె నడిచొచ్చినట్టుంది ఆ మాట.
దానికేంలే, షీపిష్ అని
బోర్డు మీద అప్పటికే ఒక గొర్రె నిలబడి ఉంది.

కుర్దు మంగలి రెబ్వార్ లేచి చదివాడు:
వాడు కొంచెం అన్నాడు, నేను మొత్తం అనుకున్నాను.
ఇప్పుడు రోజూ టోపీతో నా షాపు ముందు నుంచే పోతాడు.
ఐ యామ్ ఎంబరాస్డ్ బై హిజ్ ఇయర్స్.
అందరూ నవ్వారు.
మిసెస్ ఆడ్లింగ్ కళ్ళద్దాలు తుడుచుకోవాల్సొచ్చింది.

కిటికీ పక్కన టెస్ఫాలెమ్ వంతు.
ఐ యామ్ అషేమ్డ్ ఆఫ్ మై ఫోన్.

పర్లేదయ్యా, నాదీ డొక్కుదే, అందామె,
దానికి ఎంబరాస్డ్ సరిపోతుంది.
కాదు, అన్నాడు. అది మోగింది.
మా ఫిల్మోన్. తమ్ముడు. ట్రిపోలీ నుంచి.
మళ్ళీ డబ్బడుగుతాడని బల్ల మీద బోర్లా పెట్టాను.
పెట్టినా, అంచుల్లోంచి వెలుగు వచ్చింది.
తొమ్మిదో రోజు ఆ నంబరు నుంచి
ఇంకెవరో చేశారు.

మిసెస్ ఆడ్లింగ్ చేతిలో పెన్ను, మూత తీసినది తీసినట్టే ఉంది.
దిద్దడానికేం లేదు.
వాక్యం సరిగ్గానే ఉంది.

ఒక డౌటు, అన్నాడతను.
ప్యాకింగ్ లైన్లో గ్లెనిస్‌కి చెప్పాను, తమ్ముడు పోయాడని.
గ్లోవు తీసి నా భుజం మీద చెయ్యేసి
వాట్ ఎ షేమ్, అంది.
ఆమెకెలా తెలిసింది?
మూడు వారాలుగా క్యాంటీన్లో
ఆమెకి వీపు పెట్టి తింటున్నాను.

అయ్యో అనడం అది, అంది మిసెస్ ఆడ్లింగ్
బోర్డు వైపు చూడకుండా.
అంతే. అయ్యో పాపం. అక్కడ సిగ్గు లేదు.

అక్కడ లేదు.
అంటే ఎవరికీ తెలియదన్నమాట.
మూడు వారాలు తనని నిలదీసిన ఒక్క మనిషి కూడా
నిలదీయలేదన్నమాట.
అతను నోట్‌బుక్కులో ఆ మాట రాసుకున్నాడు,
కొట్టేశాడు, మళ్ళీ రాసుకున్నాడు.
కింద యంత్రం నీళ్ళు వదిలేసింది.

శుక్రవారం మధ్యాహ్నం గ్లెనిస్ ఎవరితోనో అంటోంది:
మేబుల్‌థార్ప్ బీచిలో క్యారవాన్,
ఏడాదంతా దాచిన డబ్బు,
చూడబోతే వారమంతా వానేనట.
టెస్ఫాలెమ్ ట్రే పట్టుకొచ్చి ఎదురుగా కూర్చున్నాడు.
వాట్ ఎ షేమ్, అన్నాడు.
మరీ గట్టిగా వచ్చింది.
రెండు బల్లల అవతల తలలు తిరిగాయి,
చెవుల దాకా వేడెక్కింది అతనికి.
ఇది చిన్నది. బస్సులో కడుపు రకం.

ఔను కదూ, అంది గ్లెనిస్,
చిప్స్ పళ్ళెం కాస్త అతని వైపు జరుపుతూ.

ఉప్పు సీసా పక్కన
ఫోను వెల్లకిలా ఉంది.