నిమిషానికెన్ని

పొదలకూరు యార్డులో ముప్పై ఏళ్లుగా
నిమ్మకాయలు ఏరతా ఉండాను.
పచ్చిదా, పండిందా, మచ్చకాయా
కంటికంటే ముందు నా వేలికి తెలుస్తాది.
పెంచలమ్మ లెక్క తప్పిందని
ఇంతవరకూ ఏ షావుకారూ అనలా.

కార్తీకంలో బిడ్డకు ముక్కు కారింది.
ఎనిమిది నెలల మనవరాలు, చరిష్మ.
వీధంతా కారతానే ఉండాది,
పిల్లకాయలు ఒకరి దగ్గు ఒకరికి పంచుకుంటా.

ఆశా మస్తానమ్మ వొచ్చి చూసి
"ఇది వైరస్సు పిన్నీ, సీసామందుకి లొంగేది కాదు.
ముక్కులో ఉప్పునీళ్ల చుక్కలెయ్యండి.
పాలు కొంచెం కొంచెం, మాటిమాటికీ.
తేనె మాత్రం నాకించబాకండి, ఏడాది నిండాల.
నిద్రపోయేటప్పుడు ఊపిరి లెక్కబెట్టు,
నిండా ఒక్క నిమిషం.
యాభైకి పోయిందా, ఆలోచించబాక" అనింది.

లెక్కబెట్టడం
నాకా చెప్పేది!

చొక్కా పైకి జరిపి
సెల్లు వెలుతురులో పొట్ట చూస్తా కూచున్నా.
లేచింది ఒకటి. లేచింది రెండు.
మొదటి రేత్రి నలభై నాలుగు.
రెండో రేత్రి నలభై ఏడు.
కోడలు సుభాషిణి
పోయినేడు మిగిలిన ఎర్రసీసా పట్టుకోని
"ఒక్క మూత పోద్దామా అత్తా" అనింది.
దాని కళ్లు చూసి తిట్టబుద్ధి కాలా.
సీసా తీసుకోని దొడ్లో పారబోశా.

మూడోనాటి పొద్దుగూకి
బిడ్డ రొమ్ము పట్టి, వొదిలి, ఏడ్చి, మళ్లీ పట్టి
ఇంక పట్టనే లేదు.
ముక్కుపుటాలు అదరతా ఉండాయి.
తాడు బిగిస్తే గోతం మూతి ముడుచుకున్నట్టు
ఊపిరి ఊపిరికీ డొక్కలు లోపలికి.

"పక్కెగరేస్తాంది, వాత పెట్టించండి" అనింది
ఎదురింటి రవణమ్మ.
నేనేం మాట్లాడలా.
కొంగు తొలిగించి చూపించా,
బొడ్డు పక్కన మూడు మచ్చలు.
మా అమ్మ ఏడస్తా ఏడస్తా పెట్టించిన వాతలు.
మా తమ్ముడికీ పెట్టించింది.
వాడి మచ్చలు చూపించడానికి వాడు లేడు.

ఒకటి, రెండు...
అరవై రెండు.
తప్పేమోనని మళ్లీ.
అరవై నాలుగు.

బస్తాలు దించిన ఆటో, నిమ్మవాసన ఇంకా పోలా.
దాంట్లోనే నెల్లూరు పెద్దాసుపత్రికి.
చిన్న ముక్కుకు సన్నగొట్టం పెట్టి
"ఊపిరిగొట్టాలు వాచినయ్యి,
వాపు దానంతటదే దిగాల,
అందాకా గాలి మనం అందిద్దాం"
అనింది డాక్టరమ్మ.
తెల్లారి గడియారం చూసుకుంటా
ఆమె లోపల లెక్కబెడతా ఉంటే
మంచం ఈపక్క నేను.
ఇద్దరికీ యాభై ఒకటే వొచ్చింది.
నా వంక చూసి నవ్వింది.

అయిదోనాడు ఇంటికొచ్చినాం.
దగ్గు ఇంకా ఉండాది,
రెండు వారాలు ఉంటాదంట.
పాలు తాగతాంది, ఉమ్ము బుడగలు చేస్తాంది,
నా ముక్కుపుడక పీకతాంది.

పొద్దున యార్డులో
గుమాస్తా పుస్తకం తెరిచి అడిగినాడు,
"పెంచలమ్మా, ఎన్ని బస్తాలు?"

"ముప్పై ఎనిమిది" అన్నా.

నా ముందర ఇంకా
ఒక్క బస్తా కూడా విప్పలా.