ఫ్లెక్సీలో చివరి లైను

రేట్లన్నీ టైపు చేశాక
ఫ్లెక్సీ కుర్రాడు అడిగాడు:
"కింద ఒక లైను కొట్టమంటావా బాబాయ్?
'ఎవరికైనా పని నిరాకరించు హక్కు యజమానికి కలదు.'
అందరూ ఏయించుకుంటుండారు.
దీనికి డబ్బులేం తీసుకోనులే."

ఊరికే వచ్చే హక్కు.

మా నాయన మాలకొండయ్యకీ
ఊరు ఊరికే ఇచ్చిందది.
ఇచ్చి, ఎవరిమీద వాడాలో కూడా చెప్పింది.
"మాలపల్లెలో తల ముట్టుకున్న కత్తి
మా గడప తొక్కగూడదు."
ఏటా కళ్లంలో కొలిచే మేర వాళ్ల చేతిలో.
కాదనమన్నవాళ్లను కాదనలేక
నాయన పల్లెను కాదన్నాడు.

పల్లె మగాళ్లు క్రాపు కోసం
ఆరు మైళ్లు కందుకూరుకు నడిచేవాళ్లు.
పెళ్లికొడుకైతే కోడి కూయకముందే లేవాలి.
తిరిగొచ్చేటప్పటి ఎండకి
చెమటకంటిన వెంట్రుకలు
మెడంతా చిమచిమ.

నేను మాత్రం మెత్తనోణ్ణా?
మొన్న శ్రావణంలో
నీళ్లు చల్లగా ఉండాయని
మా పిల్లగాడు సుభానీని చెంప మీద కొట్టినాయన్ని
సగం గడ్డంతో లేపాను.
"డబ్బులిస్తున్నా కదరా!"
"ఇంకో షాపు చూసుకో అన్నా."
నురగ చెంప తుడుచుకుంటా సెంటరు దాటిపోయాడు.
ఆ రాత్రి బో నిద్ర పట్టింది నాకు.

ఆ నిద్ర మీదే నా అనుమానం.
గాదె నిండిన ఏడు
నాయన కూడా అట్టాగే పడుకున్నాడేమో.

వాడి చెయ్యి చూసి లేపాను,
పుట్టుక చూసి కాదు.
నిజమే. కానీ ఇంత తేడా
ఫ్లెక్సీ మీద ఏ సైజు అక్షరాల్లో పడుతుంది?

"ఏంది బాబాయ్, కొట్టేదా వద్దా?"
మౌసు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు కుర్రాడు.

వాడికెట్టా చెప్పేది,
నిన్న పొద్దుగూకేటప్పుడు దేవదానం వచ్చాడని.
మా ఊరి పల్లె మనిషి. డెబ్బై దాటుంటాయి.
కుర్చీ ఎక్కేముందు
"మాలకొండయ్య కొడుకువు గదా" అన్నాడు.
ఎక్కాక ఇంకేం అనలేదు.
ఉతికిన గుడ్డ కప్పాను.
ఆయన చూస్తుండగానే కొత్త బ్లేడు విరిచాను.
గొంతు కిందికి కత్తి వచ్చేసరికి
ఎవరైనా కళ్లు మూసుకుంటారు, హాయికో, అలవాటుకో.
ఆయన మెడ ఇచ్చాడు.
కళ్లివ్వలేదు.
అద్దంలో నా చేతినే చూస్తా ఉండాడు,
గడ్డం అయిపోయిందాకా.