ఉత్తరం ఇటు

శనివారం మధ్యాహ్నం
సామూహిక వంటశాలలో గంగాళాలు బోర్లించాక,
బల్లల మీది జిడ్డు తుడిచి
ఆ పిల్ల కాగితాలు పరుస్తుంది.
పేరు మారిబెల్. కింద, సముద్రం వైపు,
అద్దాల గోడల కాలేజీలో చదువుతోందట.
రెండు బస్సులు మారి, ఆపైన
రెండొందల పద్నాలుగు మెట్లెక్కి వస్తుంది.
మెట్ల లెక్క తనది కాదు, నాది.
నీళ్లు మోసిన మోకాళ్లకే తెలుస్తుంది ఆ లెక్క.

మా లీమాలో వానంటూ పడదు.
పొగమంచు మాత్రం నెలల తరబడి
పిండని తువ్వాల్లా కొండ మీద పడుంటుంది.
కాగితం మెత్తబడి పెన్సిలు మొన దిగబడుతుంది.
"ఇల్లూ చెమ్మగానే ఉందిగా, అలాగే గీయండి" అంటుంది.

నేను మొదట వెళ్లింది కుర్చీలు సర్దడానికే.
"పెట్రోనిలమ్మా, మీ గది ఎంత?" అనడిగింది.
మంచం, పొయ్యి,
మధ్యలో నేను పక్కకు తిరిగితే పట్టేంత, అన్నాను.
నవ్వలేదు. టేపు చేతికిచ్చింది.
నలభై ఏడేళ్లకి
నా ఇంటిని నేను కొలిచాను.
మూడు మీటర్ల పది. రెండు మీటర్ల ఎనభై.
ఇంతేనా అనుకున్నాను.
ఇందులోనా నలుగురిని పెంచాను, అని కూడా.
యాభయ్యో వంతుకి కుదిస్తే
అరచేతిలో పట్టింది.

ఇంకో వారం ఇంటిని నిలువునా కోసి చూపించమంది.
కుర్రాళ్లు బుర్రలు గోక్కున్నారు.
ఉల్లిపాయ కోసేదాన్ని, నాకు వెంటనే తట్టింది.

ముసలి మేస్త్రి అనాక్లెతో
గుమ్మంలోనే నిలబడి చూసేవాడు, చదువు రాదని.
ఒకరోజు లోపలికొచ్చి, సిమెంటు తిన్న వేలు
మారిబెల్ గీసిన మెట్ల మలుపు మీద పెట్టి
"ఇక్కడ నీళ్ల పీపా తిరగదు" అన్నాడు.
చెవులు ఎర్రబడ్డాయి పిల్లకి.
గీత చెరిపింది. చెరిపిన చోట
కాగితం కొంచెం చిరిగింది.
మరుసటి శనివారం నుంచి ఆయనకో కుర్చీ వేశాను.

ఇంకా లేనివాటిని చుక్కల గీతతో గీయాలట.
మా కప్పు మీద ఇనుప చువ్వలు
పదకొండేళ్లుగా నిలబడి ఉన్నాయి,
తుప్పు పట్టకుండా తలల మీద సోడా సీసాలు బోర్లించుకుని.
వాటి చుట్టూ చుక్కలు పెట్టాను, ఒక్కొక్కటే:
కూతురికో గది, దానికో కిటికీ.
కిటికీ దగ్గర చాలాసేపు ఆగాను.
ఎటు తెరవాలి?
అలాంటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు ఇంతవరకు.

నిన్న ఆ కాగితం పట్టుకుని మునిసిపాలిటీకి వెళ్లాను,
కొండకి చేతిపట్టీ ఉన్న మెట్లు కావాలని, అందరి తరఫునా.
ఇంజనీరు సంతకం లేదన్నాడు గుమాస్తా.
ముద్ర లేదన్నాడు.
మీకెవరు గీసిచ్చారన్నాడు.
నేనే, అన్నాను.
అప్పుడు చూశాడు, కళ్లద్దాలు సర్దుకుని,
చాలాసేపు, తలకిందులుగా పట్టుకుని.

చెయ్యి చాపి
కాగితాన్ని తిప్పి పెట్టాను.
"ఉత్తరం ఇటు, సార్."