నాలుగో ట్రాకు

ఒకటో ట్రాకులో మాటలు,
రెండులో మ్యూజిక్కు,
మూడులో నవ్వులు.
నాలుగు ఖాళీగా ఉంచాలని మా సీనియర్ రూలు.
ఎందుకని నేనడగలేదు, ఆయనా చెప్పలేదు.

యూసఫ్‌గూడ చెక్‌పోస్టు వెనక మూడో అంతస్తు.
కింద ఇరానీ చాయ్, పైన వాటర్ ట్యాంకు మోటరు రొద.
పదకొండేళ్లు ఆ గదిలో
జనం నవ్వుల్ని డబ్బాల్లో పప్పుల్లా సర్దుకున్నాను.
"ఆడవాళ్లు, చిన్నది." "హాలంతా, పెద్దది."
"ముసలాయన, దగ్గుతో." నాకిష్టమైనది అదే.
ఎవరో ఏ సంవత్సరమో నవ్వలేక దగ్గాడు,
ఇప్పటికీ వారం వారం అతన్ని నవ్విస్తున్నాను,
ఉన్నాడో లేడో.

ఐలయ్య జమిడిక చంకన పెట్టుకుని వచ్చాడు.
జనగామ అవతల పల్లె, బైండ్లోళ్ల ఇల్లు,
ఎల్లమ్మ కథ మూడు రాత్రులు చెప్పే గొంతు.
ఆడిషన్‌లో ఇచ్చింది మూడు నిమిషాలు.
గణపతిని తలుచుకునేసరికే రెండున్నర అయిపోయాయి.
"అమ్మ ఇంక పుట్టనే లేదు,
అప్పుడే ఎల్లగొడ్తరా సారూ?" అన్నాడు.
గది గదంతా పడీ పడీ నవ్వింది.
అతని జాతకం అక్కడే రాసేశారు.

మొదట పెళ్లికొడుకు తాగుబోతు బాబాయి.
తర్వాత నూటనలభై స్కిట్లలో
చీర కట్టిన అత్త, చీపురెత్తిన పెళ్లాం,
దయ్యం, దయ్యానికి తమ్ముడు.
"ఐలన్నకి జోకు రాయక్కర్లేదు గురూ,
ఆ యాసలో టైమెంతని అడిగినా చాలు"
అన్నాడు రైటరు, నాతోనే.
నేనూ నవ్వాను. మాది తెనాలి.
ఆ నవ్వు ఏ ట్రాకులోనూ లేదు,
నాకు మాత్రం వినిపిస్తూనే ఉంటుంది.

జమిడికనూ వదల్లేదు.
పంచ్ పడగానే తీగ ఒక్కసారి లాగాలి: డుయ్యిం.
అమ్మవారు పూనే చోట మోగాల్సిన మోత
జారిపోయిన పంచెకి మోగింది.
"మా నాయిన ఇంటే చెయ్యి ఇరుగగొడ్తడు" అనేవాడు,
చెక్కు నాలుగు మడతలు పెట్టి తలపాగాలో దోపుకుంటూ.
రహమత్‌నగర్‌లో రెండు గదులు కొన్నాడు,
బిడ్డను నర్సింగు చదివించాడు.
అదీ చెప్పాలి.
పాట పెట్టని అన్నం స్కిట్టు పెట్టింది.

మెట్రో మెట్ల మీద పిల్లలు చుట్టుముట్టి
"అన్నా, ఒక్కసారి డుయ్యిం" అంటే
జమిడిక లేకపోయినా నోటితో అనేవాడు.

ఒక జూలై రాత్రి సెట్లో జనరేటరు చచ్చిపోయింది.
నా రికార్డరు బ్యాటరీ మీద నడుస్తోంది,
అతని రవికెకు గుచ్చిన మైకు కూడా.
చీకట్లో, అత్త వేషంలో, ఎవరి కోసమూ కాకుండా
మొదలుపెట్టాడు.

"ఏడు చెర్ల నీళ్లు ఎండిపాయె తల్లి
ఏ నీళ్ల గడుగుదు నీ పాదము..."

పద్నాలుగు నిమిషాలు.
మధ్యలో ఒక తుమ్ము, జారిపడ్డ సోడా మూత,
"డీజిల్ తెచ్చారా" అని ఎవరో.
ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.
లైట్లొచ్చాయి. రోలింగ్ అన్నారు.
డుయ్యిం అన్నాడు.

దాన్ని నాలుగో ట్రాకులో పెట్టి మ్యూట్ చేశాను.
తర్వాతి ఎపిసోడ్లన్నీ ఆ ఫైలు మీదే కట్టాను.
మీరు నవ్విన ప్రతి శుక్రవారం అడుగున
అది నడిచింది, వినపడకుండా.

ప్రోగ్రాం ఆపేశారు.
బాకీ చెక్కు కోసం వచ్చాడు మొన్న,
బిడ్డ స్కూటీ మీద, మోకాళ్లు పట్టుకుంటూ మూడంతస్తులు ఎక్కి.
హెడ్‌ఫోన్స్ పెట్టి మ్యూట్ తీశాను.
వేలితో బల్ల మీద తాళం వేశాడు, ఒకచోట ఆగాడు.
"ఈడ తప్పు వాడిన" అన్నాడు.
మళ్లీ విన్నాడు చివరిదాకా.
హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి
"నవ్వులు ఏడ వెట్టినవ్?" అన్నాడు.

జోకేశాడో, నిజంగా అడిగాడో.
పదకొండేళ్లు అతని టైమింగు కోసినవాణ్ని,
నాకు తెలియలేదు.

కిందికి దిగాడు.
చాయ్ దగ్గర ఎవరో గుర్తుపట్టినట్టున్నారు.
నోటితో డుయ్యిం అనడం వినిపించింది,
వెనకే నవ్వులు.
నేను పెట్టినవి కావు.