మాడు

పలమనేరులో నారు షెడ్డుకు పనికిబోయే ఏకాంబరం
బస్సు టికెట్ మడతలో చిటికెడు గింజలిచ్చినాడు.
జీలకర్ర కన్నా సన్నం.
"లెట్యూసు అక్కా, బెంగుళూరోళ్లు పచ్చిదే తింటారు.
పైన మన్ను కప్పొద్దు, వెలుతురు కావాల దీనికి.
ఎండ మాత్రం తగలనీబాక."

వెలుతురు కావాలంట, ఎండ వద్దంట!
చలి శివశివా అని పోయి వారమైంది.
కొర్లగుంటలో, మూడో మేడ మీద
ఆ రెంటినీ విడదీసేదెవరు?

విడదీసినా.
నీళ్లట్యాంకు పక్కన, వెలిసిపోయిన నీలం చీర రెండు మడతలేసి కట్టి
గుడ్ల అట్టలో కొబ్బరిపొట్టు నింపి
గుంతకు రెండు గింజలు.

నాది కొండమీద తలనీలాలు తీసే పని. రాత్రి షిఫ్టు.
ఏడ్చే పిల్లోడు మెడ ఎట్ల తిప్పినా
నా కత్తి దారి తప్పదు.
ఏడాది నిండని తల చేతికొస్తే మాత్రం
ముందు బొటనవేలితో మాడు తడుముతా.
ఎముక ఇంకా కలవని చోట
తడి చర్మం కింద ఏదో కొట్టుకుంటా ఉంటాది.
దాని చుట్టూ
ఊపిరి బిగబట్టి పోతా.

నాలుగోనాడు తెల్లారి
బస్సు దిగి, మెట్లెక్కి, చీర ఎత్తితే
పొట్టు మీద పచ్చటి నూగు.
చెంబుతో పోస్తే పడుకుంటాయని
సీసా మూతకు సూదితో బొక్కలు పొడిచినా.
"పది రూపాయల ఆకుకి ఇంత సేవా?"
ఎదురు మేడ మీద బట్టలారేస్తా పరిమళ.

పదోనాడు ఏకాంబరం ఫోను.
"గుంతకొకటే ఉంచు.
రెండోదాన్ని పీకబాక, వేర్లు పెనవేసుకోనుంటాయి.
కత్తెరతో మొదలు కాడికి తెంపెయ్."

కత్తెర నాకు కొత్తా?
కూర్చున్నా.
ఏది పొడుగు, ఏది గట్టి?
రెండూ ఒకదాని భుజాన ఒకటి వాలినాయి.
ఎండ జరిగి జరిగి చీర అంచుకొచ్చింది.

ఇన్నేండ్లుగా నేను తీసిందంతా
మళ్లీ మొలిచేదే.
ఇది మొలవదు.

తెంపినా, తప్పుతుందా.
ఇరవైతొమ్మిది గుంతలు.
తెంపినవి పారబొయ్యలేక నోట్లో వేసుకుంటే
లేత నీరు, వెనకాల్నే రవంత చేదు.

కడాకరు గుంతలో
రెండూ ఉండాయి.
ఏకాంబరానికి చెప్పలా.
డ్యూటీకి పొయ్యే ముందు
ఆ గుంతకు ఇంకో నాలుగు చుక్కలు.