పన్నెండో బండి

అక్టోబరు చివరికే
సరస్సు అంచున మీగడ కట్టింది.
మా పాత బండి వంతెన మొదట్లో కూలబడి
ఇక నావల్ల కాదని
పొగతో చెప్పింది.

ఆర్విద్ కాగితం మీద గళ్ళు గీశాడు.
ఏది ఎంత తాగుతుంది, బీమా ఎంత,
వెనకసీట్లో ముగ్గురు పిల్లలు
మోచేతులతో పొడుచుకోకుండా పడతారా,
అన్నిటికీ గడి ఉంది.
నవ్వుకి లేదు.
"నవ్వేమిటి?" అన్నాడు.
పెన్ను లాక్కుని
చివర ఇంకో నిలువు గీత గీశాను.

పదకొండు బళ్ళు చూశాం.
ఒక బూడిదరంగుది, ఎంత బుద్ధిమంతురాలంటే
నడుపుతూ ఆవలించాను.
ఇంకోటి కొండంత ఎత్తు,
మా ఎబ్బా ఎక్కాలంటే నిచ్చెన వెయ్యాలి.
ఒకదాని కింద దూరి ఆర్విద్
స్క్రూడ్రైవరుతో మెల్లగా పొడిచాడు,
అప్పడంలా విరిగింది.
అమ్మేవాడు ఆకాశంకేసి చూశాడు.
అక్కడేమీ లేదు.

పన్నెండోది గున్‌వోర్ గారిది.
ఊస్టర్‌సుండ్‌కి నలభై కిలోమీటర్ల అవతల,
దుంగల లారీలు తిరిగే దారి చివర,
పొడుగాటి వీపున్న ఎర్ర బండి.
ఆ ఎరుపు కూడా
మంచు కింద మిగిలిపోయిన అడవిపండు ఎరుపు.
పదిహేడేళ్ళు. మూడు లక్షల చిల్లర కిలోమీటర్లు.
ఆర్విద్ గళ్ళ కాగితం మడిచి
తప్పిన మార్కుల కార్డులా జేబులో దాచుకున్నాడు.

ఆవిడ మంత్రసాని. మొన్న వేసవిలోనే పని మానేసింది.
"దాచను, అన్నీ చెప్పేస్తాను.
వెనక కుడి తలుపు లోపల్నుంచి తెరుచుకోదు.
మూడో గేరు పొద్దున్నే విసుక్కుంటుంది,
కాఫీ పడని మనిషిలా.
హీటరు మాత్రం
నాతో ఒక్కనాడూ అబద్ధమాడలేదు.
ఒక పిల్ల ఈ వెనకసీట్లోనే పుట్టింది.
బయట మైనస్ ముప్పై నాలుగు,
లోపల నేను స్వెట్టరు విప్పేశాను."

"ఎక్కడ?" అడిగింది సిగ్నె.
"నువ్వు కూర్చున్న చోటే."
సిగ్నె పక్కకి జరిగింది.
కాసేపాగి
మళ్ళీ అక్కడికే జరిగింది.

తాళం నాకిచ్చింది, ఆర్విద్‌కి కాదు.
"తిన్నటి రోడ్డు మీద బండి గుణం తెలీదమ్మా,
అక్కడ తిప్పి చూడు."
మూతబడ్డ రంపపు మిల్లు ముందు
ఒక్క అడుగూ పడని తెల్లటి మైదానం.

రెండో గేరు.
స్టీరింగు కోసి, చేతిబ్రేకు లాగాను.
బండి నడుము తిప్పింది.
మిల్లూ, పొగగొట్టం, దూరంగా గున్‌వోర్ పసుపుపచ్చ టోపీ
ఒకదాని వెనక ఒకటి పక్కకి జారిపోయాయి.
బ్రేకు వదిలాను.
నాలుగు చక్రాలూ
చీకట్లో మెట్టు వెతుక్కునే పాదాల్లా తడిమి
నేలను పట్టుకున్నాయి.
తోక సర్దుకుని, ఏమీ ఎరగనట్టు
నిలబడింది ఎర్రది.

వెనకనుంచి మూడు గొంతులు,
"ఇంకోసారి!"
స్టూరె బూటు ఒకటి నా ఒళ్ళోకి ఎలా వచ్చిందో
ఇప్పటికీ తెలీదు.
పక్కసీట్లో ఆర్విద్ తలుపు పిడి వదల్లేదు.
చాలాసేపటికి అన్నాడు,
"మేకుల టైర్లు అరిగాయి.
వాటికి వేరే డబ్బు పెట్టాలి."
పద్నాలుగేళ్ళ కాపురం నాది.
కొన్నట్టేనని నాకు తెలుసు.

ఇరవై ఎనిమిది వేలు అంది ఆవిడ.
ఇరవై అయిదు అన్నాడు.
"ఇరవై ఎనిమిదే.
పార, ఇసుక మూట, గొంగళి ఊరికే ఇస్తాను."
బానెట్ మీద రెండుసార్లు తట్టి
వెనక్కి తిరక్కుండా ఇంట్లోకి వెళ్ళిపోయింది.
వంటింటి లైటు మాత్రం
మేం మలుపు తిరిగేదాకా ఆరలేదు.

మూడున్నరకే చీకటి.
ఇంటి ముందు ఆగాక
ఆర్విద్ దిగి, చుట్టూ తిరిగొచ్చి
కుడి తలుపు బయటినుంచి తెరిచాడు.
ఎబ్బా రాణిగారిలా చెయ్యి చాపింది.
ఈ చలికాలమంతా అతనికి అదే ఉద్యోగం.

మర్నాడు పొద్దున
మూడో గేరు గర్రుమంది.
"ఆగు తల్లీ, నేనూ ఇంకా తాగలేదు," అన్నాను.