ఎత్తు కొలత

తాడిపత్రిలో నాపరాళ్లకు పాలిష్ పట్టే మా నాయన
పొద్దుగూకి ఇంటికొచ్చేసరికి
కనురెప్పలు కూడా బూడిదరంగు.
ఆ చేతులతోనే టేపు తీసి
నన్ను ఫ్యాక్టరీ గోడకు ఆనించి
పెన్సిలు గీత గీసినాడు:
"ఇంగ రెండు వేళ్లు పెరగాలమ్మీ."

ఆ వేసవిలో యూనియనోళ్ల టెంపోలో
బెంగుళూరు పార్కుకు పోయినప్పుడు
పెద్ద బండి గేటు దగ్గర చెక్కబొమ్మొకటి చెయ్యి చాపి
నా నెత్తి పైనున్న గాలిని చూపించింది.
గేటు పిల్లోడు కన్నడంలో వద్దన్నాడు.
నాయన తెలుగులో బతిమాలినాడు.
నేను ఏ భాషా లేకుండా ఏడ్చినాను.

ఆ రోజే మా జేజి మాబున్ని
అలల కొలనులో మోకాళ్ల దాకా దిగి
కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని
"ఇన్ని నీళ్లు ఎవరికిరా?" అని అడిగింది.
మాకు నాలుగు రోజులకొకసారి కొళాయి.
పెన్నలో ఇసక తోడితే ఇంత చెలమ.
ఎవరూ జవాబు చెప్పలేదు.
ఒక అల వచ్చి ఆమెను కూర్చోబెట్టింది.
లేచి, నోట్లోవి ఉమ్మేసి,
"థూ, మందు వాసన" అని
ఇంకో అల కోసం నిలబడింది.

మరుసటేడు గీత దాటినాను.
పట్టాల మీద టకటకా ఎక్కుతాంటే
గుత్తి గూడ్సు బండి చప్పుడు కాదది,
నాకోసమే ఎవరో అంకెలు లెక్కబెడుతున్నట్టు.
పైన ఒక్క క్షణం ఆగుతాది చూడు,
అక్కడ బుడ్డల ధర లేదు,
అంగడి బాకీ లేదు,
లెక్కల్లో ముప్పై రెండు మార్కులు లేవు.
ఆ తర్వాత కడుపు పైనే ఉండిపోయింది,
నేనొక్కదాన్నే కిందికొచ్చినాను.

ఇంగ అదే పిచ్చి.
పార్కు మ్యాపు దిండు కింద.
మణికట్టు పట్టీలు బిస్కెట్ డబ్బాలో, ఏడాది వారీగా.
మా వీధిలో ఎవరు పోతున్నా ముందు నా దగ్గరికే:
గేటు తెరవంగానే ఎడమకు తిరగండి,
ముందు సీటుకు కొట్లాడొద్దు, చివరి పెట్టెలో కూర్చోండి,
అన్నం తిన్నాక గిరగిరా తిప్పేదాని జోలికి పోవద్దు.

పెండ్లయింది. అందరూ ఊటీ అన్నారు.
కొత్త పెండ్లికూతురు సిగ్గుపడాల్సిన చోట
నేను మ్యాపు విప్పినాను.
హుసేన్‌పీరా కరెంటాఫీసులో లైన్‌మన్.
"స్తంభాలెక్కే వానికి ఇదొక లెక్కా" అన్నాడు.
మలుపులో నా చెయ్యి పట్టుకుంటే
రెండు గాజులు పోయినాయి.
దిగినాక చాలాసేపు మాట్లాడలేదు.
"స్తంభం మీద నా చేతులు నా దగ్గరుంటాయి.
ఇక్కడ స్విచ్చి ఎవడి దగ్గరుందో!"
నీళ్లు తాగి, నేల చూస్తా, మెల్లగా:
"ఇంగొక్కసారి పోదామా?"

కానీ ఎక్కకముందు ఒకటి జరిగింది.
"చెప్పులు, సెల్లు, వాచీ ఎవరికిద్దాం?" అన్నాడాయన.
నేను ఆలోచించకుండా
వేపచెట్టు కింది బెంచీ వైపు తిరిగినాను.
అక్కడెవరో కుర్రోడు ఐసు తింటున్నాడు.

లాకరుకు అరవై రూపాయలు.

అన్నేళ్లూ ఆ బెంచీ మీద
అందరి చెప్పులు కాళ్ల దగ్గర పేర్చుకొని
పర్సులు ఒడిలో, జేజి కండ్లద్దాలు జేబులో పెట్టుకొని
నాయన కూర్చునేవాడు.
టికెట్టు మాత్రం అందరితో పాటు కొనేవాడు.
ఒక్కటీ ఎక్కలేదు.
నేనెప్పుడూ అడగలేదు.

ఈ వేసవికి మూడు టికెట్లు. జేజి లేదు.
"నాకెందుకులేమ్మీ, సామాన్లు ఎవరు చూస్తారు?"
నేను చూస్తానన్నాను.
హుసేన్‌పీరా ఆయన భుజం పట్టుకొని వరసలో నిలబెట్టినాడు,
ఎవరు ఎవరికి ధైర్యమో తెలీకుండా.

గేటు దగ్గర అదే చెక్కబొమ్మ, రంగు మాత్రం కొత్తది.
రాళ్లు మోసి మోసి వంగిన నడుము
నాయన దాని చేతి కిందికి పోయి
నిటారుగా నిలబడడానికి చూసినాడు.
ఆ తర్వాత అలవాటు కొద్దీ
టేపు కోసం జేబు తడుముకున్నాడు.

అది నా ఒడిలో ఉంది,
వేపచెట్టు కింద, చెప్పులతో పాటు.